మూడు లాంతర్ల దగ్గర ఆల్టరేషన్ షాపు: పాత బట్టలు మళ్ళీ ఇష్టంగా వేసుకునేలా చేసే చోటు

విజయనగరంలో కొత్త బట్టలు కుట్టే టైలర్లు వీధికొకరు ఉన్నారు. చిరిగినవి, బిగుతైపోయినవి, జిప్పు పాడైనవి తీసుకెళ్తే ముఖం చిట్లించకుండా పట్టుకునేవాళ్ళు మాత్రం బాగా తగ్గిపోయారు. "ఇలాంటి చిన్న పనులు మేం చెయ్యమండీ" అంటారు, లేదంటే మొహమాటానికి తీసుకుని నెలల తరబడి ఒక మూల పడేస్తారు. అందుకే ఈ షాపు గురించి రాయాలనిపించింది. మూడు లాంతర్ల దగ్గర నుంచి గంటస్తంభం వైపు వెళ్తుంటే వచ్చే సందుల్లో ఒకదాంట్లో ఉంటుంది. పేరు బోర్డు లేదు. రేకు మీద పెయింటుతో "అన్ని రకముల ఆల్టరేషన్లు చేయబడును" అని రాసి ఉంటుంది, అదే గుర్తు. లోపల రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, మాస్టారు, ఆయన భార్య. అంతే షాపు.

పనితనానికి ఐదుకి ఐదు ఇస్తాను, చెప్పిన టైముకి ఇవ్వడంలో మూడే ఇస్తాను. ఆ సంగతి కింద రాస్తాను. కానీ ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కుట్టు ఒక్కటే కాదు. నేను డిగ్రీ పిల్లలకి సైకాలజీ చెప్తాను. ఆ వయసు పిల్లలు తమని తాము ఎలా చూసుకుంటారు, నలుగురూ తమని ఎలా చూస్తున్నారని అనుకుంటారు, దాన్నిబట్టి ఏం కొంటారు, ఏం పారేస్తారు అనేది నాకు రోజూ ఎదురయ్యే విషయం. ప్లాస్టిక్ వద్దు, నీళ్ళు ఆదా చెయ్యండి, భూమిని కాపాడండి అని మేం కాలేజీలో ర్యాలీలు తీస్తాం, పోస్టర్ల పోటీలు పెడతాం. ఆ ర్యాలీల వల్ల మారని పిల్లలు ఈ షాపుకి వచ్చి మారడం నేను చూశాను. ఎందుకలా అయిందో ఆలోచించిన కొద్దీ మాస్టారి మీద గౌరవం పెరుగుతోంది.

ముందు రేట్లు చెప్తాను, చాలామందికి కావలసింది అదే కదా. ప్యాంటు పొడుగు తగ్గించడానికి 50, జిప్పు మార్చడానికి 80 నుంచి 100, రన్నర్ మాత్రమే అయితే 30. చుడీదార్ టాప్ లూజు చెయ్యడానికి లోపల గుడ్డ వదిలి ఉంటే 60, లేకపోతే పక్కల్లో వేరే గుడ్డ ముక్క వేసి 120. జీన్స్‌కి మోకాలి దగ్గర గానీ తొడల మధ్య గానీ చిరిగితే చిరుగుని బట్టి 70 నుంచి 150. చొక్కా కాలర్ అరిగిపోతే విప్పి తిరగేసి కుట్టడం అనే పని ఒకటుంది, మన నాన్నల కాలంలో అందరూ చేయించుకునేవాళ్ళు, ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. అది 60 రూపాయలకి చేస్తారు, చొక్కా ఇంకో రెండేళ్ళు వస్తుంది. దారం రంగు కలవకపోతే ఆయనే ఊరుకోరు, డబ్బాలో వెతికి మరీ కలుపుతారు. కుట్టు ఎక్కడా ముడుచుకోదు. లోపలి వైపు తిప్పి చూడండి, బయట ఎంత నీట్‌గా ఉంటుందో లోపలా అంతే.

అసలు విషయం ఆయన అడిగే ఒక ప్రశ్నలో ఉంది.

మా అన్నయ్య కూతురు డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. దాని జీన్స్ మోకాలి కింద గేటు మేకుకి పట్టుకుని అడ్డంగా చిరిగింది. పారేసి ఆన్‌లైన్‌లో ఇంకోటి ఆర్డర్ పెడతానంటే నేను ఇక్కడికి తీసుకొచ్చాను. అది రానంటే రానంది. "అతుకు వేసిన ప్యాంటు వేసుకుని కాలేజీకి వెళ్తే అందరూ చూస్తారత్తా" అని దాని బాధ. మాస్టారు ప్యాంటు చేతిలోకి తీసుకుని, గుడ్డ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "గుడ్డ గట్టిదే తల్లీ, ఇక్కడొక్క చోటే పోనాది. కనపడేలా కుట్టమంటావా, కనపడకుండా కుట్టమంటావా?" అని అడిగారు.

అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. చిరుగు అనేది దాచుకోవలసినది మాత్రమే అనుకుని వచ్చింది మరి. ఆయన పక్కనున్న డబ్బాలోంచి రంగు దారాలు తీసి ముందు పెట్టారు. చివరికి అది మెరూన్, తెలుపు దారాలు ఎంచుకుని, లోపల నీలం గుడ్డ వేసి పైన వరసగా చేతి కుట్లు వేయించుకుంది. చాలా బాగా వచ్చింది. నిజంగానే బాగుంది, ఇంట్లో మనిషి కాబట్టి చెప్తున్న మాట కాదు. దాని క్లాసులో ఇద్దరు అమ్మాయిలు ఎక్కడ చేయించావని అడిగి ఇక్కడికే వచ్చారు.

"అందరూ చూస్తారు" అన్న భయం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ వయసులో సగం బట్టలు ఆ భయంతోనే బీరువాలో ఉండిపోతాయి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు చేసిన ఒక ప్రయోగం 2000లో అచ్చయింది. ఒక్కొక్క విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు ఇచ్చి, మిగతా విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికి వచ్చాక, లోపల ఉన్నవాళ్ళలో ఎంతమంది నీ టీషర్టు మీద బొమ్మ ఎవరిదో గమనించి ఉంటారు అని అడిగితే దాదాపు సగం మంది అని చెప్పారు. నిజంగా గమనించినవాళ్ళు పావు వంతు. నేను ఈ ప్రయోగం ప్రతి ఏడాదీ క్లాసులో చెప్తాను, పిల్లలు నవ్వుతారు, నోట్సు రాసుకుంటారు, పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకుంటారు. మర్నాడు మళ్ళీ అదే భయంతో, ఇన్‌స్టాలో ఒకసారి ఫోటో పెట్టిన చొక్కా రెండోసారి వేసుకోవడానికి ఆలోచిస్తారు. తెలిసినంత మాత్రాన భయం పోదు. పక్కవాడితో పోల్చుకుని మన స్థాయి లెక్క కట్టుకోవడం మనిషికి సహజమని లియాన్ ఫెస్టింజర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లోనే రాశారు. అప్పుడు పక్కవాడంటే క్లాసులో ఉన్నవాడు, ఇప్పుడు ఫోను తెరిస్తే ప్రపంచమంతా పక్కనే ఉంది.

అలాగని ఈ పిల్లలకి భూమి గురించి పట్టదు అనుకుంటే పెద్ద పొరపాటు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వాళ్ళ పత్రికల్లో ఒకదాంట్లో 2021లో ఒక సర్వే వచ్చింది. మన దేశంతో కలిపి 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ళ వయసున్న 10,000 మందిని అడిగారు. వాతావరణ మార్పు గురించి చాలా ఎక్కువగా ఆందోళన పడుతున్నామని 59 శాతం మంది చెప్పారు. మన దగ్గర వేరే సర్వే అవసరం లేదు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాల పిల్లలు వీళ్ళు. కొబ్బరి తోటలు నేలమట్టమైన ఉద్దానం నుంచి వచ్చి ఇక్కడ చదువుకున్నవాళ్ళు నా క్లాసులోనే ఉన్నారు. వాళ్ళ దగ్గర ఆందోళనకి లోటు లేదు. అది చేతుల్లోకి దిగడానికి ఒక దారి కావాలి, ఆ దారిలో నడిస్తే నలుగురిలో చిన్నబోకూడదు. మేం ర్యాలీల్లో ఆందోళన మీద ఇంకొంచెం ఆందోళన పోస్తున్నాం. ఈయన దారి చూపిస్తున్నారు.

బట్టలకీ భూమికీ ఏం సంబంధం అని అడిగేవాళ్ళుంటారు. ఒక కాటన్ టీషర్టు తయారవడానికి పత్తి చేను నుంచి లెక్కేస్తే సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని ఒక అంచనా. లీవైస్ కంపెనీ తన జీన్స్ మీద తనే వేసుకున్న లెక్క 2015లో బయటపెట్టింది, ఒక్క ప్యాంటుకి దాని జీవితకాలం మొత్తంలో సుమారు 3,800 లీటర్లు, అందులో ఎక్కువ భాగం పత్తి పండించడానికే. ఇక ఆన్‌లైన్‌లో 300కీ 400కీ వచ్చే వాటిలో చాలావరకు పాలిస్టర్, అంటే పెట్రోలియం నుంచి వచ్చిన దారం, ఉతికినప్పుడల్లా కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు నీళ్ళలోకి పోతాయి. పాత బట్టని మళ్ళీ కొత్త బట్టగా మార్చడం ప్రపంచం మొత్తం మీద ఒక శాతం కూడా జరగట్లేదు. కాబట్టి ఉన్నదాన్ని ఎక్కువ కాలం వేసుకోవడమే మన చేతిలో ఉన్న పెద్ద పని. ఇది మన ఇళ్ళకి కొత్త కాదు. పాత చీరలతో బొంతలు కుట్టాం, పంచెలు చింపి పసిపిల్లలకి పక్కబట్టలు చేశాం, ఇంకా మిగిలితే వీధిలోకి వచ్చే స్టీలు సామాన్లావిడకి ఇచ్చి గిన్నె తీసుకున్నాం.

కానీ ఇక్కడ ఒక సంగతి ఉంది, పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని తరచూ వదిలేస్తారు. అతుకు అందరికీ ఒకటి కాదు. మా మేనకోడలు రంగు దారాలతో కుట్టించుకున్న ప్యాంటు వేసుకుంటే ఫ్యాషన్ అంటారు. అదే అతుకు నా క్లాసులో ఇంకో పిల్లాడికి వేరే అర్థం ఇస్తుంది. అతను బొండపల్లి వైపు పల్లె నుంచి వస్తాడు, ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆ అబ్బాయి దగ్గర ఇంటర్వ్యూలకి వేసుకునే తెల్ల చొక్కా ఒక్కటే ఉంది. మోచేతి దగ్గర పలచబడి చిరిగింది. అతుకు వేసుకుని తిరగడం అతను చిన్నప్పుడు స్కూల్లోనే చూసేశాడు, దాని కోసం పడిన మాటలు ఇంకా గుర్తున్నాయి. "నువ్వు భూమిని కాపాడుతున్నావు" అని మనం చప్పట్లు కొడితే అతనికి ఒరిగేదేం లేదు, ఇంకా అవమానంగా ఉంటుంది.

నేను ఇక్కడికి పంపాను. మాస్టారు అదే ప్రశ్న అడిగారట. కనపడకూడదండీ అన్నాడు. చొక్కా లోపలి అంచులోంచి పోగులు లాగి, ఆ పోగులతోనే చిరిగిన చోట అల్లినట్టు డార్నింగ్ చేసి ఇచ్చారు. చెయ్యి చాపి చూపిస్తే తప్ప నాకు కూడా కనపడలేదు. దానికి తీసుకున్నది 80 రూపాయలు, దాదాపు పూట పని అది. ఆ చొక్కాతోనే విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఇద్దరు పిల్లలూ బట్ట పారేయకుండా నిలబెట్టుకున్నారు, భూమి లెక్కలో ఇద్దరూ చేసింది ఒకటే. కానీ ఒకరికి కనపడటంలో ఆత్మవిశ్వాసం దొరికింది, ఇంకొకరికి కనపడకపోవడంలో దొరికింది. ఎవరికి ఏది కావాలో ఈయన ఊహించుకోరు, మొహం చూసి నిర్ణయించరు, అడుగుతారు. యువతతో పర్యావరణం గురించి మాట్లాడాలనుకునే ప్రతి ఒక్కరూ ఒక పూట ఈ షాపు ముందు బెంచీ మీద కూర్చుంటే బాగుండు అని నాకు నిజంగా అనిపిస్తుంది.

ఇంకో మంచి అలవాటు, పూర్తయిన బట్టల్ని సంచిలో కుక్కి లోపల పెట్టరు. గుమ్మం ముందు తీగకి హ్యాంగర్లతో తగిలిస్తారు. ఆయన్ని అడిగితే లోపల చోటు లేదమ్మా అన్నారు, కారణం అంతే. కానీ దాని ఫలితం వేరేగా ఉంది. ఆ సందులో నడిచే కాలేజీ పిల్లలకి, తమలాంటి వాళ్ళ జీన్స్‌లు, టాప్‌లు, బ్యాగులు బాగు చేయించుకుని వేలాడుతూ కనపడతాయి. అందరూ చేయించుకుంటున్నారు, మనమూ చేయించుకోవచ్చు అనే ధైర్యం వస్తుంది. దీని మీద 2008లో వచ్చిన ఒక పరిశోధన చాలా పేరున్నది, గోల్డ్‌స్టీన్, చాల్దీనీ, గ్రిస్కెవిషస్ అనే ముగ్గురు చేశారు. అమెరికాలో ఒక హోటల్ గదుల్లో, పర్యావరణం కోసం తువ్వాలు మళ్ళీ వాడండి అని కార్డు పెడితే సుమారు 35 శాతం మంది వాడారు. ఇక్కడ దిగిన అతిథుల్లో ఎక్కువమంది మళ్ళీ వాడుతున్నారు అని రాసిన కార్డు పెడితే 44 శాతం మంది వాడారు. అదే గదిలో ఇంతకుముందు దిగినవాళ్ళు వాడారు అని రాస్తే ఇంకా ఎక్కువ. అంటే ఎక్కడో ఎవరో కాదు, మనలాంటి వాళ్ళు, మన చోటులో ఉన్నవాళ్ళు చేస్తున్నారన్నదే మనిషిని కదిలిస్తుంది. మన కాలేజీ గోడల మీద పోస్టర్లు మాత్రం "ఎవరూ పట్టించుకోవట్లేదు, అందరూ ఎడాపెడా పారేస్తున్నారు" అని అరుస్తుంటాయి. చదివిన పిల్లాడికి మిగిలేది ఏంటంటే, అందరూ పారేస్తున్నారు అనే వార్త.

ఒకసారి వచ్చిన పిల్లలు మళ్ళీ వస్తున్నారు, అది కూడా గమనించాను. మొదట జిప్పు రన్నర్ లాంటి 30 రూపాయల పనికి వస్తారు. తర్వాత బ్యాగు పట్టీ, తర్వాత అమ్మ చీరతో కుర్తీ. మనం చేసిన పనిని చూసుకునే మనం ఎలాంటివాళ్ళమో తెలుసుకుంటాం అని డారిల్ బెమ్ అనే సైకాలజిస్టు 1972లో రాసిన వ్యాసంలో వివరంగా చెప్పారు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ యూనివర్సిటీ పరిశోధకులు కూడా, పర్యావరణానికి మేలు చేసే పనులు ఇంతకుముందు మనం ఏం చేశామో గుర్తు చేస్తే, నేను అలాంటి మనిషిని అనే భావన బలపడుతుందని చూపించారు. మా మేనకోడలు ఇప్పుడు ఇంట్లో చెప్పులు తెగినా, హెడ్‌ఫోన్ వైరు పోయినా ముందు బాగవుతుందా అని అడుగుతోంది. "నేను అంత ఈజీగా పారేసే టైపు కాదు" అని వాళ్ళ నాన్నతో అంటుంటే విన్నాను. ఎవరూ దానికి ఆ మాట నేర్పలేదు.

అన్నీ ఇలాగే జరుగుతాయని చెప్పను. ఒక మంచి పని చేశాం కదా అని ఇంకో చోట చెయ్యి వదిలేసే అలవాటు మనుషుల్లో ఉంది. నా స్టూడెంట్ ఒకమ్మాయి ఇక్కడ రెండు టాప్‌లు బాగు చేయించుకుని, డబ్బులు మిగిలాయి కదా అని ఆ వారమే సేల్‌లో నాలుగు కొంది. బాగు చేయించడం కొనడానికి పర్మిషన్ కాకూడదు. ఇది షాపు తప్పు కాదు, వాళ్ళతో కూర్చుని మాట్లాడాల్సిన మాలాంటి వాళ్ళ పని.

షాపులో ఇబ్బందులు కూడా ఉన్నాయి. టైము విషయంలో చాలా టెన్షన్ పెడతారు. గురువారం అంటే శనివారం అనుకోండి. ఫోన్ చేస్తే ఎత్తరు, మిషను చప్పుడులో వినపడదంటారు. దసరా నుంచి పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యేదాకా అసలు వెళ్ళకండి, ఊరంతా కొత్త బట్టల ఫాల్స్, హెమ్మింగులు అక్కడే ఉంటాయి, పాతవి వెనక్కి పోతాయి. ట్రయల్ వేసుకోవడానికి గది లేదు, ఆడపిల్లలకి ఇది పెద్ద లోటు. ఒక మూలకి కర్టెన్ కట్టినా సరిపోతుంది, చెప్పాను, చేయిస్తానన్నారు. అందుకని కొలతకి సరిగ్గా సరిపోయే ఇంకో డ్రెస్ వెంట తీసుకెళ్ళండి. రసీదు ఇవ్వరు, బట్ట మీద సుద్దతో గుర్తు పెడతారు, ఇంతవరకు నా బట్టలు ఏవీ తారుమారు అవ్వలేదు. తోలు పని చెయ్యరు. బాగా సాగే లెగ్గింగ్స్, జిమ్ బట్టలు తీసుకోరు, తీసుకోకపోవడమే మంచిది, ఆ మిషన్లకి అవి సరిగ్గా రావు. చవక పాలిస్టర్ టాప్ పట్టుకెళ్తే మాత్రం నిజం చెప్పేస్తారు, "దీనికి కుట్టేస్తే పక్కన చిరిగిపోతాది, డబ్బులు దండగమ్మా" అని. డబ్బులు వచ్చే పని వద్దని చెప్పే మనిషి దొరకడం కష్టం. ఆ మాట విన్న పిల్లలు తర్వాత కొనేటప్పుడు గుడ్డ పట్టుకుని చూడటం మొదలుపెట్టారు.

ఇంకో కోరిక ఉంది నాకు. ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. డార్నింగ్ చేసే చేతులు ఊళ్ళో ఇంకెన్ని ఉన్నాయో ఆలోచిస్తే దిగులేస్తుంది. మా కాలేజీలో నెలకో పూట వచ్చి పిల్లలకి నేర్పమని అడిగాను. మిషను వదిలి రాలేను, పిల్లల్నే ఇద్దరేసి పంపించండి, బెంచీ మీద కూర్చోబెట్టి నేర్పుతాను అన్నారు. సూది పట్టుకోవడం రాని వాళ్ళైనా పర్వాలేదట. ఈ సెమిస్టర్ నుంచి పంపుతున్నాను, అబ్బాయిలే ముందు పేర్లిచ్చారు.

వెళ్ళేవాళ్ళకి: పొద్దున పదిన్నర తర్వాత, సాయంత్రం ఏడు లోపు వెళ్ళండి. బండి మెయిన్ రోడ్డు మీదే పెట్టుకోండి, సందులో తిరగదు. ఫోన్‌పే ఉంది. బట్టలు ఉతికి ఆరేసినవే ఇవ్వండి, ఊడిన గుండీలు దొరికితే పారేయకుండా ఒక కవర్లో వేసి జేబులో పెట్టండి.